మూడో ఫారంలో పోయిన నాన్న

గొడుగాయన చేసిన అన్యాయాలన్నీ రాయాలంటే ఒక నవల చాలదు. ఆ నవల అచ్చు వేయాల్సింది కూడా గొడుగాయనే కాబట్టి మాస్టారు ఆ పని ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎండకీ వానకీ సరే, నీడలో నడిచేటప్పుడు కూడా చంకలో గొడుగు వదలని ఆ ప్రచురణకర్త పదహారేళ్ళ ఏడు నెలల్లో మాస్టారి చేత నూట తొంభై తొమ్మిది నవలలు రాయించుకున్నాడు. ఒక్కదాని మీద కూడా మాస్టారి పేరు లేదు. అన్ని అట్టల మీదా ఒకటే ఆడపేరు. అది గొడుగాయన మేనత్తది. బతికున్నన్నాళ్ళూ సంతకం పెట్టడానికి కూడా బద్ధకించిన ఆ మహాతల్లి పోయాక నెలకో నవల రాస్తోంది.

"ఆడవాళ్ళు రాస్తే ఆడవాళ్ళు కొంటారయ్యా. నువ్వు రాస్తే నువ్వే కొనుక్కోవాలి" అనేవాడు గొడుగాయన. పాఠకులు ఉత్తరాలన్నీ 'అక్కా' అని మొదలుపెట్టేవారు. మా అత్తగారి సంగతి మీకెవరు చెప్పారక్కా అని ఒకావిడ నిలదీసింది. మాస్టారు మీసం మెలేసుకుంటూ 'చెల్లీ' అని జవాబులు రాసేవాడు.

రెండు వందలవ నవల దగ్గర మాత్రం మొండికేశాడు. ఇది నా పేరుతో రావాలన్నాడు. గొడుగాయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించి, చాలాసేపు ఆలోచించినట్టు నటించి, ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. నెలాఖరుకి పుస్తకం బైండింగుకి వెళ్ళాలి, ఒక్క ఫారం కూడా రెండోసారి అచ్చు వేయాల్సి రాకూడదు. వచ్చిందా, మళ్ళీ మేనత్తే. ఆ షరతు విని మాస్టారికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఫారం చెడగొట్టిన పాపం ఎరగడు.

మాస్టారు అన్నది అచ్చాఫీసు వాళ్ళు వెటకారానికి పెట్టిన పేరు. ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు. చెప్పించుకున్నదీ ఏడో తరగతి దాకానే. పదమూడో ఏట టైపు కేసుల ముందు నిలబడి, పెద్ద పెద్ద చదువులవాళ్ళ రాతప్రతులకి అక్షరాలు ఏరి పేర్చాడు. వాళ్ళ దగ్గర ఒక్కటే నేర్చుకున్నాడు, అదీ ఎలా రాయకూడదో. వంద పేజీల దాకా షికారు చేసి, కాగితం అయిపోతోందని తెలిశాక పెళ్ళీ చావూ క్షమాపణా కలిపి చివరి రెండు పేజీల్లో కుక్కేవారు. అందుకని తను రాయడం మొదలుపెట్టినప్పుడు ముగింపు ముందు రాసేశాడు. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

గొడుగాయన పుస్తకం అంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. ఒక పెద్ద కాగితం మీద అచ్చయి మడతపడే పదహారు పేజీలు ఒక ఫారం. మాస్టారు ముందు ఎనిమిదో ఫారం రాసి ఇస్తాడు. అది అచ్చయిపోతుంది, టైపు విప్పి కేసుల్లో వేసేస్తారు. అప్పుడు మొదటి ఫారం నుంచి బయల్దేరి, ఎప్పుడో అచ్చయిన ఆ ముగింపు వైపు నడుచుకుంటూ వస్తాడు. రైలు దిగాక టికెట్టు కొనడం మీకే చెల్లింది అంటుంది వాళ్ళావిడ.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషన్, గోడవారగా ఆయన బల్ల. పొద్దున ఆరింటికి ఇద్దరూ పనిలో కూర్చుంటారు. మిషన్ చప్పుడు లేకపోతే ఆయనకి వాక్యం సాగదు. ఆవిడ దారం తెగితే ఈయన కలం ఆగుతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రాసిందంతా చదివి వినిపిస్తాడు. ఆవిడ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని వింటుంది. నచ్చితే తల ఊపుతుంది. నచ్చకపోతే సూదులు తీసి పక్కన పెట్టి మాట్లాడుతుంది. ఆ చెయ్యి సూదుల దాకా వెళ్ళకుండా గడిచిన మధ్యాహ్నం మాస్టారికి పండగే. ఇలాంటి బతుకు మీద ఆయనకి ఫిర్యాదేమీ లేదు. ఉన్న ఫిర్యాదంతా అట్ట మీదే.

ఇద్దరి మధ్యా గోడకి ఒక పలక వేలాడుతుంది. కథలో మనుషులంతా దాని మీద వరసగా ఉంటారు. ఈసారి అమ్మాయి, నాన్న, చిన్నాన్న, డాక్టరు, ఎదురింటి ముసలమ్మ. ఎవరైనా పోతే ఆ వరసని తడిగుడ్డతో తుడిచేస్తాడు. పలక మీద లేనివాడు కథలో నోరు విప్పడానికి వీల్లేదు.

మూడో ఫారం అచ్చయిన రోజు పదకొండు గంటలప్పుడు మిషన్ తాత వచ్చాడు. అచ్చుయంత్రం నడిపేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా దాంట్లోంచి బయటికొచ్చిన ప్రతి కాగితం చదివాడు. పత్రికల్లో విమర్శలు రాసే పండితుల కన్నా ఆ తాత మాటకే మాస్టారు ఎక్కువ విలువిస్తాడు. పండితులు ఆయన గురించి ఎలాగూ ఒక్క ముక్క రాయలేదనుకోండి. తాత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిసంచీలో అచ్చు కాగితాలున్నాయి.

"ఆ పిల్ల వాళ్ళ నాన్న పోయిన చోట ఏడిపించేశావు అబ్బాయ్" అన్నాడు కూర్చుంటూ.

మాస్టారు లోపల్లోపల మురిసిపోయి, అంతా మీ అభిమానం అన్నాడు. తాత మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"అంతా బాగానే ఉందిగాని, పోయినాయన ఆఖరి ఫారంలో కూతురి పెట్టె ఎలా మోశాడు?"

కుట్టుమిషన్ ఆగిపోయింది.

ఎనిమిదో ఫారంలో అమ్మాయి రైలు దిగుతుంది. ప్లాట్‌ఫారం మీద నాన్న కూతురి చలికోటు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు. నూట ఇరవై ఎనిమిదో పేజీలో పెట్టె ఆయన అందుకుంటాడు, ఇద్దరూ స్టేషన్ బయటికి నడుస్తారు. ఐదు వేల కాపీలు అచ్చయి, మడతలు పడి, గోడౌన్‌లో కట్టలు కట్టి ఉన్నాయి.

తల తిప్పి పలక చూశాడు. నాన్న లేడు. ఆ వరసలో భార్య చేతిరాత ఉంది: నడుము ముప్పై నాలుగు, చెయ్యి తొమ్మిది.

సోమవారం పొద్దున కూడా ఇలాగే చూశాడు. నాన్న వరస తుడిచి, ఆ చోట కొలతలు రాసి ఉన్నాయి. ఓహో, ఈయన్ని చంపేశాను కాబోలు, ఖాళీ చోట ఆవిడ రాసుకుంది అనుకున్నాడు. మొదటి రెండు ఫారాల్లో వెతికితే చావు కనిపించలేదు, ఎనిమిదో ఫారంలో ఏం రాశాడో గుర్తుకే రాలేదు. తుడిచి, రాయడం మర్చిపోయానన్నమాట అని తనని తనే తిట్టుకుని, ఆ లోటు తీరేలా రెండు పేజీల నిండా గుండెలు బాదుకునే చావు రాసిపడేశాడు. ఆ రోజు భార్య కొలతలకని బయటికెళ్ళింది. వినిపించకుండానే కాగితాలు అచ్చాఫీసుకి పోయాయి.

"ఎవరో హడావిడిగా వచ్చారండీ. రాసుకోవడానికి చేతికి కాగితం దొరకలేదు. మీ కాగితాలు ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారు కదా" అంది ఆవిడ నెమ్మదిగా.

"ఇంతమందిలో నాన్నే దొరికాడా నీకు?"

"పెద్దాయన కదా, ఎలాగూ పోయేవాడే అనుకున్నా."

తాత నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా అసలు సంగతిలోకి వచ్చాడు. ఎనిమిదో ఫారం మళ్ళీ అచ్చు వేద్దామంటే తనకేం అభ్యంతరం లేదు, కానీ ఐదు వేల కాగితాలు గొడుగాయన కంట పడకుండా మిషనెక్కవు. కంట పడితే షరతు తప్పినట్టే. పోనీ ఎవరు చూస్తారులే అని వదిలేద్దామా అని కూడా అన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. మేనత్త తప్పు రాస్తే జనం క్షమిస్తారు. మొదటిసారి తన పేరు వేసుకుని, పోయినవాడి చేత పెట్టె మోయిస్తే రేపు వీధిలో తలెత్తుకోలేడు.

కవల తమ్ముణ్ణి పెట్టేద్దామన్నాడు. ఆవిడ సూదులు తీసింది. నలభై ఒకటో నవల్లోనూ ఎనభై ఏడో నవల్లోనూ కవలలున్నారని గుర్తుచేసి మళ్ళీ పెట్టుకుంది. పోనీ చావు కలలో జరిగిందన్నాడు. సూదులు మళ్ళీ బయటికొచ్చాయి. ఇంకోటి చెప్పబోతుంటే ఆవిడ ఈసారి సూదులు పెట్టుకోనే లేదు.

"అసలు ఆయన పోయాడని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

మూడో ఫారం తెరిచి చదివాడు. చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు.

"ఆ పిల్ల వెళ్ళి చూసిందా?"

"లేదు. వంతెన తెగిపోయింది. చూడనిస్తే ఏడుపుకి ఇంకో ఆరు పేజీలు కావాలి, ఫారంలో చోటెక్కడిది?"

"అయితే ఆ చిన్నాన్న మాట పట్టుకుని నమ్మింది ఎవరెవరు? ఆ పిల్ల, మీరు, తాతగారు. అంతేగా."

మాస్టారు, చిన్నాన్న మంచివాడే, రెండో ఫారంలో పిల్లకి పళ్ళు కూడా తెచ్చిపెట్టాడు, ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చాడు అంటూ ఆయన తరఫున వాదించబోయాడు.

"నిజంగా ఏడ్చేవాళ్ళు ఫోన్ చేసి అంతసేపు ఏడవరండీ. బిల్లు పెరుగుతుంది."

మాస్టారు లేచి నిలబడ్డాడు. చిన్నాన్న అబద్ధం చెప్పాడు. నాన్న ఎక్కడో దూరాన ఆసుపత్రిలో మంచాన పడి, కూతురు రాలేదని ఎదురుచూస్తున్నాడు. నాన్న ఫ్యాక్టరీ కాగితాల మీద చిన్నాన్న ఆ పిల్ల చేత సంతకాలు పెట్టించుకుంటున్నాడు. నాలుగు ఫారాల కథ ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంది. అంతలోనే ఇంకో భయం పట్టుకుంది. ఎనిమిదో ఫారంలో ఈ చిన్నాన్న ఎక్కడున్నాడు? ప్లాట్‌ఫారం మీద పళ్ళ బుట్టతో నవ్వుతూ నిలబడి ఉంటే అంతా మట్టిగొట్టుకుపోయినట్టే.

తాత సంచీలోంచి ఆ ఫారం తీశాడు. మాస్టారు వేలితో పంక్తి పంక్తీ తడుముతూ చదివాడు. నూట ఇరవై ఏడో పేజీ అడుగున వేలు ఆగింది.

చిన్నాన్న మాత్రం రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీ ఒక పంక్తి తక్కువ పడిందని అక్షరాలు పేర్చే కంపోజిటరు కబురు పంపితే, కాళ్ళకి చెప్పులేసుకుంటూ, ఖాళీ పూడ్చడానికి నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పి పంపాడు. అర్థం పర్థం లేని ఆ పంక్తి ఇప్పుడు జడ్జి తీర్పులా అక్కడ కూర్చుని ఉంది.

"అయితే పొద్దున్నుంచీ నేను ఏడ్చిందంతా దండగేనా?" అన్నాడు తాత.

"ఏడో ఫారం దాకా ఓపిక పట్టు తాతా" అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ ఇంట్లో మిషనూ కలమూ పోటీలు పడ్డాయి. మాస్టారు ఇంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. మామూలుగా నవల అంటే ఆయనకి ఇటుకలు పేర్చడమే. ఈసారి ముందు ఏముందో తెలిసి కూడా, రేపు ఏం జరుగుతుందోనని పొద్దున్నే లేచేవాడు. పళ్ళ బుట్ట సంగతి కూడా కలిసొచ్చింది: బుట్ట తెచ్చిన రోజే నాన్న ఉంగరం చిన్నాన్న పట్టుకుపోయాడు. తొమ్మిది మధ్యాహ్నాలు చదివి వినిపించాడు, తొమ్మిదిసార్లూ సూదులు పెదాల మీదే ఉన్నాయి. అచ్చాఫీసులో ఏడో ఫారం అచ్చవుతుండగా మిషన్ ఉన్నట్టుండి ఆగింది. గొడుగాయన గదిలోంచి తల బయటపెట్టి ఏమైందని అడిగాడు. నూనె వేస్తున్నానన్నాడు తాత, కాగితంలోంచి తల ఎత్తకుండా, ముక్కు ఎగబీలుస్తూ.

నెలాఖరుకి ఎనిమిది ఫారాలూ గొడుగాయన బల్ల మీదున్నాయి. కూరగాయలు బేరమాడేవాడిలా ఒక్కోటీ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. తిరిగి అచ్చేసింది ఒక్కటీ లేదు. అప్పుడు మెల్లిగా బల్ల కింద నుంచి ఒక కట్ట తీశాడు. మూడు రంగుల్లో నిగనిగలాడుతున్న అట్టలు. వాటి మీద మేనత్త పేరు.

"అట్టలు నాలుగు నెలల కిందటే అచ్చయిపోయాయయ్యా. మూడు పుస్తకాలవి ఒకే కాగితం మీద వేయిస్తే చవక. వచ్చే నెల చూద్దాంలే."

నాలుగు నెలల కిందట. అంటే గొడుగు పిడి మీద గడ్డం ఆనించి ఆలోచించిన రోజుకి ఈ కట్ట ఈ బల్ల కిందే ఉంది. మాస్టారికి ఒళ్ళు మండింది. మామూలుగా అయితే ఆ మంట దిగమింగుకుని ఇంటికెళ్ళి ఇంకో ముగింపు రాసేవాడు. ఈసారి ఎందుకో కాళ్ళు కదల్లేదు.

"కొత్త అట్టలు వేయించండి. ఖర్చు నా డబ్బులో కోసుకోండి" అన్నాడు.

పిడి మీంచి గొడుగాయన గడ్డం జారింది. మరుక్షణం తేరుకుని కాగితం, పెన్సిలు తీసుకుని ఎంతో ఉత్సాహంగా లెక్క కట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు అటు చూడకుండా కిటికీలోంచి తాతకి చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య ఎంత పోయిందని అడగలేదు. పేరు ఎంత పెద్దగా వేస్తారని అడిగింది.

"బొటనవేలంత."

"చాలు" అంది, దారం కొరుకుతూ.

పుస్తకం వచ్చిన మూడో వారానికి మొదటి ఉత్తరం వచ్చింది. 'ఎవరండీ మీరు? మా అక్కని కాపీ కొడుతున్నారు. అక్కంత బాగా రాయడం మీ వల్ల కాదు. కానీ నాన్న బతికున్నాడని తెలిసిన చోట నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.' అది చదివి వినిపిస్తే ఆవిడ సూదులన్నీ కింద పడేసుకుని నవ్వింది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరారు.

ఆ ఉత్తరం ఇప్పుడు గోడ మీద, రెండు పలకల మధ్య ఉంది. రెండోది ఆవిడ కొలతలకి. రెండు వందల ఒకటో నవల ముగింపు అచ్చయి గోడౌన్ చేరింది, అందులో అమ్మాయి తరఫు వాళ్ళంతా పలక మీద క్షేమంగా ఉన్నారు. మేనత్త పేరున్న పాత అట్టల్ని గొడుగాయన తూకానికి అమ్ముకుని, ఆ సొమ్ములో పైసా కూడా ఇటు రాల్చలేదు. కొత్త అట్టలకి మాత్రం కాగితం, మూడు రంగులు, పేరు బ్లాకు, తోపుడుబండి కిరాయి, ఆఖరికి కట్టలు కట్టిన పురికొస కూడా కలిపి మాస్టారి దగ్గర కోసుకున్నది మూడు వేల ఎనిమిది వందల అరవై ఐదు రూపాయలు.