ఏనుగుకిచ్చిన గొంతు

రోజూ పొద్దున్నే తల్లికి మొహం కడిగి, తల దువ్వి, నాలుగు ముద్దలు తినిపించి అతను స్టూడియోకి వెళ్ళేవాడు. అడవి సినిమాలకు చప్పుళ్ళు చేయడం అతని ఉద్యోగం. జంతువుల్ని ఎక్కడో దూరం నుంచి తీస్తారు కదా, బొమ్మ వస్తుంది గానీ చప్పుడు రాదు. గద్ద రెక్కలనుకుని మనం నోరు తెరుచుకుని వినేది ఇతను టపటపలాడించిన పాత గొడుగునే. ఏ వస్తువూ పనికిరానప్పుడు ఒంట్లోంచే తీసి ఇచ్చేవాడు. అలా ఇచ్చింది మళ్ళీ తిరిగొచ్చేది కాదు. అడుగుల చప్పుడు చిరుతపులికి పోయింది, దగ్గు ఎలుగుబంటికి పోయింది. అక్కడి పాతవాళ్ళందరికీ ఇలా ఏదో ఒకటి పోయిందే, ఎవరూ పట్టించుకోరు.

పోయిన ఏడాది ఒక సినిమాలో, పిల్లను పోగొట్టుకున్న ఏనుగు అరవాల్సి వచ్చింది. రేకులు, గొట్టాలు, బూరలు అన్నీ అయ్యాయి, కుదర్లేదు. ఒక్క అరుపే కదా అని నోరు తెరిచాడు. గొంతు మొత్తం దానికే పోయింది.

తల్లికి చూపు లేదు. కొడుకంటే ఆవిడకు అడుగుల చప్పుడు, దగ్గు, "అమ్మా" అనే పిలుపు. ఇప్పుడవేవీ లేవు.

"అబ్బాయి ఇంకా రాలేదేమే?" అని కోడల్ని అడిగేది, ఆ అబ్బాయి పెట్టిన ముద్ద నములుతూనే.

"మీకు తినిపిస్తున్నది ఆయనే అత్తయ్యా."

"పనివాణ్ణి తెచ్చి కొడుకంటావేం? పోయింది కళ్ళే, చెవులున్నాయి నాకు."

ఆ ఏనుగు సినిమా ఊళ్ళో చిత్రోత్సవానికి వచ్చిందని తెలియగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంటిల్లిపాదినీ బయల్దేరదీశాడు. ఏనుగు అరిచేటప్పుడు తల్లి చేతిని తన గొంతు మీద పెట్టుకుని, దానితో పాటే నోరు ఆడిస్తే పోల్చుకుంటుందని ఆశ. అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాడు. కూతురు చూసి పకపకా నవ్వింది, భార్య నవ్వలేదు.

హాల్లో తెర మీద ఏనుగు అరిచింది. అతను తల్లి చెయ్యి గొంతుకు ఆనించుకుని, ఒక్క లిప్త తేడా రాకుండా నోరు తెరిచాడు. గొంతులో అదురు లేదు. గోడ మీద చెయ్యి వేసినట్టుందేమో, ఆవిడ విసుగ్గా లాగేసుకుంది.

"ఉండు బాబూ, మావాడు పిలుస్తున్నాడు" అని లేచి నిలబడింది. "ఇక్కడున్నానురా నాన్నా!" అని హాలంతా వినపడేలా కేకేసింది. వెనక వరసలవాళ్ళు కూడా ఆవిణ్ణి కూర్చోమనలేదు. అతనికి ఏడుపొచ్చింది, అదీ చప్పుడు లేకుండానే.

ఆట అయిపోయాక ఆవిడ ఇంటికి రానంటే రానంది. కోడలు బతిమాలింది, మనవరాలు కొంగు పట్టుకు లాగింది. వాడున్నచోటే ఉంటానంది. సినిమా మర్నాడు వేరే ఊరి ఉత్సవానికి వెళ్తోంది, ఆపైన ఇంకో ఊరు. దానితో తిరిగే ఆపరేటర్, "కన్నతల్లి కదా, రానివ్వండి. వ్యానులో ముందు సీటు ఖాళీయే" అన్నాడు.

పొద్దున అతనే తల్లి బట్టలు సర్ది తెచ్చి, వ్యానెక్కించి, చలిగాలి తగలకుండా శాలువా కప్పాడు. చెవులు మాత్రం కప్పలేదు. ఆవిడ తడుముకుని అతని తల మీద చెయ్యి పెట్టింది.

"ఇన్నాళ్ళూ కన్నకొడుకులా చూసుకున్నావు. ఏ తల్లి కన్న బిడ్డవో నాయనా, చల్లగా ఉండు."