లేబుల్ లేని సీసాలు

మూత చిట్లింది కంపెనీది, తిట్లు తినేది మేము. బాత్రూములు కడిగే యాసిడ్ సీసాలు మూత దగ్గర కారుతున్నాయని తేలాక, అమ్మిన సరుకంతా వెనక్కి తెప్పించే పని మా నెత్తిన పడింది. ప్యాకింగ్ ఆపేసి, మా తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ ఫోన్ల ముందు కూర్చోబెట్టారు. "మాట్లాడటం మీకు కొత్తా?" అన్నాడు సూపర్‌వైజర్. పొగిడాడో ఎత్తిపొడిచాడో ఆయనకే తెలియాలి.

చేతికో కాగితం ఇచ్చారు. అందులో ఉన్నదే చదవాలి, సొంత పైత్యం కలపకూడదు. "నమస్కారం అండీ. సీసాని తాకకండి. కిటికీలు తెరవండి. లేబుల్ మీద నంబరు చెప్పండి." షాపులవాళ్ళు ఇచ్చిన లిస్టు పట్టుకుని పొద్దున్నుంచి అరవైమందికి చదివాను. ఒకాయనైతే మా ఏడు తరాలనీ కడిగేశాడు, యాసిడ్ అవసరం లేకుండానే.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ అడిగింది. "అమ్మా, బట్టల బ్లీచింగ్ కూడా ఆ పక్కనే పెట్టాను. ఫర్వాలేదా?"

కాగితం వెనక్కి తిప్పాను. రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది, వెంటనే ఇంట్లోంచి బయటికి వచ్చేయాలి అని ఉంది. ఆవిడకి చదివి వినిపిస్తుంటే మధ్యలో గుర్తొచ్చింది.

మా అక్క!

లేబుల్ వంకరగా పడ్డ సీసాలు షాపులకి పంపరు. ఆ లేబుల్ చింపేసి శనివారం తలో రెండు ఇంటికి పట్టుకెళ్తాం. గేటు దగ్గరాయన సరిగ్గా అప్పుడే అటు తిరుగుతాడు. రాసుకునేవాడు లేడు, అడిగేవాడు లేడు. నా రెండూ అక్కకిచ్చాను. అక్క సీసాలన్నిటినీ, బ్లీచింగ్‌తో సహా, ఒకే బకెట్‌లో తలకిందులుగా నిలబెడుతుంది, అడుగున చుక్క కూడా మిగలకూడదని. ఆ పీనాసితనం అమ్మది, మా ఇద్దరికీ వచ్చింది. బకెట్ ఉండేది కిటికీ లేని బాత్రూంలో. పైగా అక్కకి ఆయాసం.

నా సెల్ నుంచి చేశాను. కట్ చేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్. చేయదూ మరి! అమ్మ కుట్టుమిషన్ ఎవరికి దక్కాలన్న దగ్గర పోయిన నెల మాటా మాటా పెరిగి, "ఇక నీ గొంతు వింటే ఒట్టు" అంది. బావ పనిమీద ఊరెళ్ళాడు. ఇంట్లో ఒక్కతే.

కంపెనీ ఫోన్ తీశాను. తెలియని నంబరు కదా, ఎత్తింది.

నేనని తెలిస్తే పెట్టేస్తుంది. గొంతు బరువు చేసి కాగితం అందుకున్నాను. "నమస్కారం అండీ. యాసిడ్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. మీ ఇంట్లో సీసా కారుతుండొచ్చు."

క్షణం ఆగింది. "అవునండీ, బాత్రూంలో ఏదో ఘాటు. ఇక్కడే ఉన్నా, బకెట్ కడుగుదామని." దగ్గింది.

"కడగొద్దండీ! అది వదిలేసి బయటికి వెళ్ళండి."

"ఎందుకండీ?" దగ్గు. "ఇంకా చెప్పండి."

"ముందు బయటికి వెళ్ళండి, దయచేసి."

"చెప్పండి, వింటున్నాగా." మళ్ళీ దగ్గు. ఈసారి ఆగలేదు.

కాగితం విసిరేశాను. "అక్కా! నేనే! తర్వాత తిట్టు, కొట్టు, ఆ మిషన్ నువ్వే ఉంచుకో! ముందు బయటికి నడువే తల్లీ!"

ఏదో దబ్బున పడింది. ఆ తర్వాత మాట లేదు. అక్కా, అక్కా అని నేను అరుస్తూనే ఉన్నాను. గదిలో మిగతా ఫోన్లన్నీ ఆగిపోయాయి. ఎంతసేపటికో తలుపు గడియ చప్పుడు, వీధిలో హారన్, "అయ్యో ఏమైందమ్మా" అంటూ ఎవరో ఆడమనిషి. అప్పుడు అక్క ఊపిరి వినపడింది, పిల్లికూతలతో.

"నువ్వేనని... నమస్కారం అన్నప్పుడే తెలుసే," అంది. "నెలైంది నీ గొంతు విని. పెట్టేయబుద్ధి కాలేదు."

"బుద్ధుందా నీకు!" అని నోటికొచ్చినట్టు తిట్టాను, ఏడుస్తూనే. పక్కింటావిడ ఫోన్ అందుకుని, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను, నువ్వూ వచ్చెయ్ అంది.

వెనక్కి తిరిగితే సూపర్‌వైజర్. మొత్తం విన్నాడు. "ఆ నంబరు మన లిస్టులో లేదే. ఆవిడకి సీసా ఎక్కడిది?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. కానీ అక్క దగ్గు ఇంకా చెవిలోనే ఉంది.

"నేనే ఇచ్చాను. లేబుల్ లేనివి. అవి ఏ లిస్టులోనూ ఉండవు," అన్నాను. "తీసుకెళ్ళింది నేనొక్కదాన్నే కాదు."

ఆయన మిగతా ఎనిమిదిమంది వైపు చూశాడు. ఎవరూ తలెత్తలేదు. ప్యాకింగ్‌లో నా పక్కన నిలబడే ఆవిడ మాత్రం లిస్టు పక్కకి నెట్టి, చూడకుండానే ఒక నంబరు నొక్కింది. "అమ్మాయ్, నేను. నాన్నమ్మని తీసుకుని బయటికి వచ్చెయ్," అంది. తర్వాత ఇంకొకావిడ నొక్కింది. తర్వాత అందరూ.

సూపర్‌వైజర్ ఎవరినీ ఆపలేదు. జేబులోంచి సెల్ తీసి, గోడ వైపు తిరిగాడు. "ఏమేవ్," అన్నాడు చిన్నగా, "నేను తెచ్చినవి ఎక్కడ పెట్టావు?"