మొదటి నుంచీ చూసిన సినిమా

బాల్కనీ మెట్ల మీద ఒలికిన పాప్‌కార్న్‌ను చీపురుతో కిందికి తోస్తూ, తెరిచి ఉన్న సీట్లను మోచేత్తో ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నాడతను. టార్చిలైటు చంకలో ఉంది. బూడిదరంగు యూనిఫాం చొక్కా జేబు, ఇన్నేళ్లుగా చింపిన టిక్కెట్ల ముక్కలు మోసి మోసి, సంచిలా కిందికి జారింది. తలుపుకు ఆనుకుని నిలబడే అలవాటు వల్ల కుడి బూటు మడమ ఒక పక్కకే అరిగిపోయింది. హాల్లో అందరూ అతన్ని బ్యాటరీ అంటారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరి నోటా వినపడదు.

మ్యాట్నీకి గంట కొట్టారు. పిల్లల్ని వెంటేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది వచ్చారు. మాట్లాడే జంతువుల సినిమా అది. ఊరంతా పోస్టర్లు అంటించారు. కళ్లజోడు పెట్టుకున్న కుందేలు, కిరీటం పెట్టుకున్న గుర్రం, గడ్డం నెరిసిన కుక్క. తీరా చూస్తే గుర్రం నోరు మూశాక దాని మాట వినిపిస్తుంది. కుందేలేమో బడిలో హెడ్‌మాస్టర్‌లా సుద్దులు చెబుతుంది. విడుదలైన రెండో రోజుకే జనం పల్చబడ్డారు.

అతని ఉద్యోగంలో ఒక చిత్రమైన లోటు ఉంది. ఇన్నేళ్లలో ఏ సినిమాకూ అతను మొదలు చూడలేదు. లైట్లు ఆరగానే ఆలస్యంగా వచ్చేవాళ్లు మొదలవుతారు. వాళ్ల కాళ్ల ముందు వెలుగు పరుస్తూ వరసలు తిరిగి వచ్చేసరికి తెర మీద ఎవరికో ఎవరితోనో వైరం ముదిరిపోయి ఉంటుంది. ఇంటికెళితే భార్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చునేది. "మొదట్నుంచీ చెప్పండి" అనేది. చూడని మొదలును అతను కల్పించి చెప్పేవాడు. ఒకసారి అలా చెప్పిన సినిమానే టీవీలో వచ్చింది. ఆవిడ చివరిదాకా చూసి, దెప్పలేదు, నవ్వలేదు. "మీరు చెప్పిందే బాగుంది" అని లేచి గిన్నెలు సర్దుకుంది.

ఈ సినిమాకు ఆలస్యంగా వచ్చేవాళ్లే లేరు. అందుకని ఉద్యోగంలో చేరాక మొదటిసారి, తలుపు పక్కన నిలబడి, పేర్లు పడటం దగ్గర్నుంచీ చూశాడు. చెప్పడానికి ఒక నిజమైన మొదలు దొరికింది. వినే మనిషి పోయి రెండేళ్లయింది.

ఇంటర్వెల్‌లో ఒక తండ్రి నిద్రపోతున్న పాపను భుజానేసుకుని బయటికొచ్చాడు.

"జంతువులు మాట్లాడతాయంటే తీసుకొచ్చానయ్యా. ఇవి మాట్లాడకపోతేనే బాగుండేది" అన్నాడు.

అతను నవ్వి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ మాట నిజమేనని అతనికీ తెలుసు. అయినా ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఒక సీను కోసం ప్రతి ఆటకూ లోపలికొచ్చి నిలబడుతున్నాడు. అందులో గడ్డం నెరిసిన కుక్క, ఊరినుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లతో, "మీ నాయనమ్మ చివరి క్షణంలో నిన్నే తలుచుకుంది, నేను పక్కనే ఉన్నాను" అంటుంది. వయొలిన్లు గోలగోలగా మోగుతాయి. చవకబారు మాటే. కానీ ఆ మాట అయ్యేదాకా అతను తలుపు దగ్గర్నుంచి కదిలేవాడు కాదు.

భార్య పోయింది ఒక మ్యాట్నీ వేళలోనే. వంటింట్లో పడిపోయింది. పక్కింటావిడ చూసేసరికి సాయంత్రమైంది. పడి చాలాసేపయిందన్నారు ఆస్పత్రిలో. వెంటనే పోయిందో, ఎవరినైనా పిలిచిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది కుక్క ఒక్కటే. దానికి పెద్దోడని ఆవిడే పేరు పెట్టింది. పిల్లలు లేని ఇంట్లో చిన్నోడెవడని అడిగితే, "మీరే" అనేది.

ఆట అయ్యాక మేనేజరు పిలిచి, టిక్కెట్లు తెగలేదు కాబట్టి మిగతా ఆటలు లేవని, రేపు కొత్త బొమ్మ వేస్తున్నామని చెప్పాడు. అతను పోస్టరు ఊడదీసి, ఎండ ఉండగానే ఇంటికి బయల్దేరాడు. చాలాకాలం తర్వాత తన వీధిని సాయంత్రపు వెలుగులో చూశాడు.

పెద్దోడు గుమ్మం దగ్గరికి రాలేదు. నిన్నటి అన్నం గిన్నెలో అలాగే ఉంది. వయసైపోయిందని, ఇక మందులు పనిచేయవని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. వంటింటి గోడవార గోనెసంచి మీద పడుకుని కళ్లు మాత్రం ఎత్తింది. అతను బూట్లు విప్పి దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. తల తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఏం చేయాలో తోచక సినిమా కథ చెప్పడం మొదలుపెట్టాడు, పేర్లు పడటం దగ్గర్నుంచీ. కుందేలు సుద్దులు తీసేశాడు. గుర్రం మాటల్ని దాని నోటికి సరిపెట్టాడు. తన నోట్లో ఆ సినిమా మెరుగుపడుతోందని అతనికే అనిపించింది.

కుక్క సీను దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"నన్ను పిలిచిందారా?" అన్నాడు. దాని చెవి నిమిరి, "నువ్వన్నా పక్కనే ఉన్నావులే" అన్నాడు.

పెద్దోడి తోక నేలను ఒకసారి తాకింది. ముక్కు అతని మోకాలికి ఆనింది. అతను వీపు నిమురుతూ మళ్లీ అందుకున్నాడు. కిరీటం గుర్రం అడవిలోకి వచ్చే చోట, చేతి కింద పక్కటెముకలు కదలడం మానేశాయని తెలిసింది. అయినా ఆపలేదు. కథను మధ్యలో వదిలేస్తే ఆవిడకు నచ్చేది కాదు. కథలో అందరూ ఇళ్లకు చేరేదాకా చెప్పి, అప్పుడు ఊరుకున్నాడు.

తెల్లవారాక పక్కింటాయన సాయంతో పెరట్లో గొయ్యి తీసి పూడ్చాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఉతుకుదామని గోనెసంచి ఎత్తాడు. ఆ సంచి మీద పెద్దోడు ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. కింద, గోడ మూలలో, ఒక గుండీ ఉంది. భార్య నైటీ మెడ దగ్గరిది. ఆ రోజు ఆస్పత్రిలో ఆవిడ నైటీ మెడ పట్టీ భుజం దాకా చిరిగి ఉండటం చూసి, అక్కడివాళ్లే మోటుగా లాగేశారని అతను కోప్పడ్డాడు. ఇప్పుడు వంటింటి నేల మీద మోకరిల్లి, పడిపోయిన మనిషిని లేపాలని ఒక కుక్క మెడ దగ్గర పట్టుకుని ఎంతసేపు లాగిందో అనుకుంటూ ఆ గుండీనే చూస్తూ ఉండిపోయాడు.

నీలం గుండీ. అంచున పంటి గాట్లు. దారానికి పట్టుకుని, గోరంత గుడ్డ ముక్క ఇంకా ఉంది.