లెవోచా బోను

నలుగురు ఇంటికొస్తే విద్యాసాగర్ నోరు ఊరుకోదు. కిందటేడు భార్య గిరిజతో కలిసి యూరప్ తిరిగొచ్చాక మరీను. స్లొవాకియాలో లెవోచా అనే చిన్న ఊరు చూసి మనసు పారేసుకున్నాడు. ఆ ఊరి నడిబొడ్డునంతా అట్టముక్కలతో కట్టి, తాముండే హామిల్టన్‌లో తన ఇంటి గరాజ్ నిండా పరిచేశాడు. ఆ ఆదివారం భోజనాలయ్యాక వచ్చినవాళ్లందర్నీ అక్కడికే నడిపించాడు.

"ఇదిగో టౌన్ హాలు. ఈ కమానుల వరస చూడండి, ఎంత ముచ్చటగా ఉందో! చుట్టూ ఉన్నవి పాతకాలం వర్తకుల ఇళ్లు. ఇప్పటికీ కాపరాలుంటున్నారు. ఇక ఇదీ, సిగ్గు బోను. రాత్రిపూట బయట తిరిగిందని ఏ ఆడమనిషి మీదైనా మాటొస్తే తెచ్చి ఇందులో పెట్టేవారట. ఊరంతా వచ్చి చూసిపోవడమే శిక్ష."

ఇనపతీగతో అల్లిన ఆ బోనులో వేలెడంత బొమ్మ నిలబడి ఉంది. దానికి ఆకుపచ్చ కోటు.

వచ్చినవాళ్లలో పెద్దాయన శేషయ్య గారు వంగి చూసి పకపకా నవ్వారు. "ఏమయ్యా సాగరూ, ఇది మీ అమూల్య కోటు కదూ!"

అందరూ నవ్వారు.

అమూల్య విద్యాసాగర్ అన్న కూతురు. ఇక్కడే చదువుకుని, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తూ వీళ్లింట్లో ఉంటోంది. తెల్లారగట్ల ఎవడో కుర్రాడు కార్లో దింపిపోతున్నాడని తెలిసినవాళ్లంతా చెవులు కొరుక్కుంటున్నారు. శేషయ్య గారైతే విద్యాసాగర్‌ని మొహమ్మీదే అడిగారు. ఆ కుర్రాడు ఆమెతో పనిచేసే తరుణ్. నిద్ర మానుకుని తను వెళ్లి తీసుకురాలేక, కాస్త దింపిపెట్టమని అతన్ని బతిమాలింది స్వయానా విద్యాసాగరే. ఆ ముక్క చెప్తే తన బద్ధకం బయటపడుతుందని నవ్వి ఊరుకున్నాడు. పైగా, తనే ముందు జోక్ చేసేస్తే తన పరువు నిలబడుతుందని ఈ బొమ్మ పెట్టాడు మహానుభావుడు.

టీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ అమూల్యని అప్పుడు చూశాడు. ఆమె బొమ్మని చూసింది, నవ్వుతున్న మొహాల్ని చూసింది. తర్వాత బాబాయి వైపు తిరిగి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట చెప్తే చాలు. చెప్తాడనే ఎదురుచూస్తోంది.

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ పక్కది సెయింట్ జేమ్స్ చర్చి. లోపల చెక్కతో చేసిన బలిపీఠం, మేడంత ఎత్తు..."

తన గొంతు తనకే రోత పుట్టించింది. ఆగితే నిజం చెప్పాల్సొస్తుందని ఆగకుండా ఊరి చుట్టూ ఉన్న కోటగోడల గురించీ, సింహద్వారాల గురించీ వాగుతూనే పోయాడు. అమూల్య అందరికీ టీ ఇచ్చింది, అతనికి కూడా.

ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. చివరికి శేషయ్య గారు కూడా లేచి కారు వైపు నడిచారు. విద్యాసాగర్ సిగ్గుతో చితికిపోతూ అమూల్య గది ముందు నిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. తరుణ్‌ని దింపమని అడిగింది నేనేనని చెప్పుండాల్సింది."

అమూల్య తలెత్తింది. "అది నాకు తెలిసిందే కదా బాబాయ్. నాకెందుకు చెప్తున్నారు?"

బయట శేషయ్య గారి కారు ఇంకా రివర్స్ అవుతోంది. విద్యాసాగర్ కాళ్లు కదల్లేదు.