గుడ్డిదాని వయసు

గుర్రాన్ని చూసుకునే ముసలి సాయిసు దాని పై పెదవిని బొటనవేలితో పైకెత్తి, తడిగుడ్డతో పళ్ళు తుడుస్తున్నాడు. పొడవెక్కి ముందుకు వాలిన పసుపు పళ్ళు. యూనివర్సిటీలో అశ్వశాస్త్రం చదివే పిల్లలకు ఆ రోజు పళ్ళు చూసి వయసు చెప్పే పరీక్ష.

గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం లోకానికి సామెత. అతనికి తొమ్మిదేళ్ళుగా ఉద్యోగం. ఇంట్లో భార్య ఆ మాటే అని నవ్వుతుంది. "నా కళ్ళకి శుక్లాలొచ్చినప్పుడు ఒక్కరోజైనా చెయ్యి పట్టుకుని నడిపించావా?" అని కూడా అంటుంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాని నోట్లో వేళ్ళు పెట్టారు. ఒకమ్మాయి వెనక్కి తగ్గింది.

"కరుస్తుందా తాతా?"

"పక్కనుంచి రామ్మా. ముందు దాన్ని నీ గొంతు విననియ్యి."

ఆ అమ్మాయి ఇరవై అని రాసుకుంది. దానికి ఇరవై ఏడు. అతన్ని ఎవరూ అడగలేదు.

పరీక్ష పెట్టిన మేడమ్ చదువుకునే రోజుల్లో ఇదే గుర్రాన్ని చూసి వణికిపోతే, ఆమె చెయ్యి పట్టి దాని మెడమీద ఆనించింది అతనే. పిల్లలు వెళ్ళాక ఆమె ఆగింది.

"పెద్దాయనా, మధ్యాహ్నం దీన్ని వెనక షెడ్డుకి తీసుకురండి. ఆర్డరు వచ్చేసింది. వచ్చేవారం క్లాసుకి దీని ఎముకలు కావాలి."

"రోగమేం లేదు కదమ్మా."

"వయసుంది కదా. మీరైతే బెదరకుండా వస్తుంది."

ఇంకెవరినైనా పంపండి అనబోయాడు. ఇంకెవరైనా అయితే కొట్టి లాక్కెళతారు. సరేనన్నాడు.

మధ్యాహ్నం పగ్గం పట్టుకుని, ఎప్పటిలాగే దారి చెబుతూ నడిచాడు. "మెట్టుంది, ఎత్తు." అది కాలెత్తింది. "గులకరాళ్ళు. మెల్లగా." అది మెల్లగా అడుగేసింది. మలుపు దగ్గర మాత్రం గడ్డి వాసనకు ఎడమవైపు లాగింది. అతను కుడివైపు తిప్పాడు.

"ఇటు తల్లీ. మేత ఇటే."

ఇన్నేళ్ళలో దానికి అతను చెప్పిన మొదటి అబద్ధం. అది నమ్మింది.

డాక్టరు మెడ దగ్గర సూది గుచ్చాడు. మేడమ్ గడియారం చూసుకుంది. గుర్రం ముందు మోకాళ్ళు వంగాయి. పగ్గం ఒక్కసారి బరువెక్కి, తర్వాత వదులైంది. డాక్టరు వంగి, చూపులేని కంటిని వేలితో తాకి చూశాడు. రెప్ప కదల్లేదు.

"పాపం, ఎంత నెమ్మదిగా పోయిందో. మీ మాట భలే వింటుంది," అంది మేడమ్.

"వింటుందమ్మా," అన్నాడతను. "వినకుండా ఉండాల్సింది."

ఆమె ఫైలు తీసుకుని వెళ్ళిపోయింది. రేపు కొత్త గుర్రం వస్తుందట. అతను శాలలోకి వచ్చి చీపురందుకున్నాడు, కానీ ఊడవలేదు. తొట్టిలో, అది పొద్దున నమిలి నమిలి మింగలేక వదిలేసిన గడ్డి ఉండ ఒకటి ఇంకా తడి ఆరకుండా ఉంది.