నంబరుతోటి నీకేం పని

మా మరిది ఉమాకాంత్‌కి ఒక జబ్బుంది. మందు లేని జబ్బు. ఏ వస్తువైనా సరే, తనకంటే ఇంకొకడు తక్కువకి కొన్నాడని తెలిస్తే వాడికి ఆ పూట ముద్ద దిగదు. కూరగాయలయితే పోనీలే అనుకోవచ్చు. ఫోన్ల దగ్గర వాడి పిచ్చి మరీ ముదిరింది. ఏ కంపెనీ ఇరవై ఎనిమిది రోజులకే నెల అంటుంది, ఏది నెల నిండా ఇస్తుంది, ఎందులో నెట్టు ఎక్కువ, విదేశాలకు నిమిషానికి ఎవడెంత గుంజుతాడు, అన్నీ వాడికి నోటికొచ్చు. రింగ్ రోడ్డు మార్కెట్టులో చీరల దుకాణంలో గుమాస్తా. జేబులో రెండు ఫోన్లు, వాటిలో నాలుగు సిమ్ములు. ఇన్ని సిమ్ములున్న మనిషి పెళ్ళాంతో నోరారా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

మగ్గాల పనికి వలసొచ్చి మేముంటున్న దిండోలిలో మా గల్లీవాళ్ళందరికీ వీడే దిక్కు. రీఛార్జి అయిపోతే చాలు, "ఉమాకాంత్ భాయిని అడుగు" అంటారు. ఆ మాట వినపడితే వాడి ఛాతీ ఇంతవుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

మా చెల్లెలు సుమన కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరి రెండేళ్ళు కావచ్చింది. మొగుడు పోయాక బిడ్డ హారతిని నా దగ్గర వదిలి వెళ్ళింది. ఆ ఇంటి మేడం ఫోటోలు తీసే ఫోన్ గుమ్మం లోపలికి రానివ్వదట. అందుకని సుమనకి బటన్ల ఫోనే గతి. వాట్సాపు లేదు, వీడియో లేదు. ఇక్కణ్ణుంచి మేము ఫోన్ కార్డులో డబ్బు వేస్తే, సుమన అక్కడ ముందు కార్డు కంపెనీ నంబరు కొట్టి, తర్వాత మా నంబరు కొట్టాలి. మామూలుగా చేసే కాల్ కంటే అలా చవక. ఆ కార్డు ఎవరు వెతికి పెట్టారో వేరే చెప్పాలా?

ఒప్పందం గడువు దగ్గర పడేసరికి మేడం మళ్ళీ రెండేళ్ళకి సంతకం పెట్టమని వెంటపడింది. సుమన ఒక శుక్రవారం ఫోన్ చేసి ఏడ్చింది.

"నాతోటి గాదక్కా. నడుం పడిపోయింది. హారతిని సూడక పానం కొట్టుకుంటంది. నేనొద్దంటే ఈమె ఇనదు. మా ఇంటోళ్ళు ఒద్దంటున్నరని దేవదాసన్న ఫోన్ల చెప్తేనే ఇంటది."

దేవదాస్ అంటే దాన్ని పంపిన ఏజెంటు. బమ్రోలిలో ఉంటాడు. నేనూ మా ఆయన నర్సింగం పోయి అడిగాం. ముందే ఫోన్ చేసి వద్దంటే మేడంకి కోపమొచ్చి ఆఖరి జీతమూ టికెట్టూ ఎగ్గొడుతుందని, కాగితం ముందు పెట్టిన రోజే తాను మాట్లాడాలని అన్నాడు. "ఆ దినం నాకు ఖబర్ చెయ్యిన్రి. ఐదు నిమిషాలల్ల పని అయితది" అని మాటిచ్చాడు.

మరి ఆ రోజు వచ్చిందని మాకెలా తెలియాలి? మేడం ఎదురుగా కూర్చునుంటే సుమన ఎలా మాట్లాడుతుంది? మెసేజ్ పెడదామన్నా దానికి అంకెలు తప్ప అక్షరాలు రావు. అప్పుడు మా ఆయనే అన్నాడు, "మూడియ్యమను" అని.

మగ్గాల ఖాతాల్లో, అంటే మరమగ్గాల షెడ్లలో, పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మగ్గాలు ఆడుతుంటే చెవి దగ్గర అరిచినా వినపడదు, ఫోన్ ఎత్తి ఏం లాభం? చొక్కా జేబులో ఫోన్ వణుకుతుంది, అంతే. నా నుంచి ఒకసారి మోగి ఆగితే అంతా బాగే, టిఫిన్ పంపాను అని. మా ఆయన నాకు రెండుసార్లిస్తే బదిలీ మనిషి రాలేదు, పగలూ రాత్రీ రెండు పాళీలూ నేనే చేస్తున్నాను అని. వెంటవెంటనే మూడు మిస్డ్ కాల్స్ వస్తే మగ్గం ఆపి పరుగెత్తి రమ్మని. హారతికి ఫిట్స్ వచ్చినప్పుడు నేను మూడిస్తే మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. సుమన కూడా మా ఇంట్లో ఉండి వెళ్ళిన మనిషే, దానికీ ఇది బాగా తెలుసు. మూడు రాగానే మేం దేవదాస్‌కి చెప్పాలి, అతను మేడంకి చెప్పాలి. మా చెల్లెలు ఇంటికి రావడానికి ఉన్న దారి అదొక్కటే.

ఈ సంగతంతా ఉమాకాంత్‌కీ చెప్పాం. పగలబడి నవ్వాడు. "అన్‌లిమిటెడ్ జమానాల మిస్ కాల్ ఏంది వదినా! ఇంకా పాత కాలంలనే ఉన్నరా?"

నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆ శనివారం వచ్చి, ఘనకార్యం చేసినట్టు మొహం వెలిగించుకుని చెప్పాడు. "వదినా, సుమనది కార్డు కంపెనీ మార్చిన. పాతోడు లూటీ చేస్తున్నడు. గీ కొత్తోడు ఏక్‌దమ్ సస్తా. నిమిషానికి రూపాయిన్నర బచత్. ఎట్ల కొట్టాల్నో సుమనకి మెసేజ్ గూడ పెట్టేసిన."

పాత కార్డుతో చేస్తే ఎప్పుడూ ఒకటే నంబరు వచ్చేది. దాన్ని నేను సుమన పేరుతో ఫోన్లో ఎక్కించుకున్నాను. "ఇప్పుడే ఎందుకు మార్చినవయ్యా? జర ఆగకపోయినవా? మాకొచ్చేది అదే నంబరేనా?" అని అడిగాను. అడిగానండీ! నోరు తెరిచి అడిగాను.

"వస్తది, వస్తది. అయినా నంబరుతోటి నీకేం పని వదినా? గొంతు వస్తదిగా!"

మర్నాడు ఆదివారం. మార్కెట్టుకి సెలవు కాబట్టి అన్నగారింట్లో కోడికూర తినడానికి వచ్చాడు. నేను గుమ్మం దగ్గర చీరల దారాలు కత్తిరిస్తున్నాను. సోమవారం పొద్దున్నే చీరలు అప్పజెప్పాలి. మా ఆయన పగటి పాళీలో ఉన్నాడు. నా ఫోన్ అన్నం తింటున్న ఉమాకాంత్ ఎడం చేతిలో ఉంది. నేను దండగ ప్లాను వాడుతున్నానట, వేరే కంపెనీకి మారిస్తే ఎంత మిగులుతుందో లెక్క చూస్తున్నాడు.

ఫోన్ ఒకసారి మోగి ఆగింది.

"ఎవరు?" అన్నాను.

"ఫ్రాడ్" అన్నాడు తల ఎత్తకుండా. "ఏందో పరాయి దేశం నంబరు. బ్లాక్ చేసిన."

కాసేపటికే మళ్ళీ మోగి ఆగింది. "గిది వేరే నంబరు. గిది గూడ బ్లాక్."

మూడోసారి మోగి ఆగింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఉమాకాంతూ, జర మంచిగ సూడు. మూడైనయి. సుమనది గాదుగదా?"

వాడు ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "సూడు, నీ కండ్లతోటి నువ్వే సూడు. మూడుంటే మూడూ వేరే వేరే దేశాలయి. ఒక్కటన్న కువైట్‌దుందా? వన్ రింగ్ ఫ్రాడ్ అంటరు వదినా దీన్ని. ఒక్కసారి మోగిస్తరు. ఎవరో అని మనం తిరిగి చేస్తే బ్యాలెన్స్ మొత్తం ఖల్లాస్. నీలాంటి భోలా మనుషుల కోసమే పెట్టిన్రు గీ ధంధా." ఇంకో ముక్క నోట్లో వేసుకుని నవ్వాడు. "ఇయ్యాల దొంగలందరు నీ మీదనే పడ్డరు."

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అలాంటి మోసాలున్నాయని టీవీలోనూ చెబుతున్నారు. ఇదంతా తెలిసిన మనిషి పక్కన కూర్చుని గట్టిగా చెబుతుంటే, చీరల దారాలు కత్తిరించే నేను కాదంటానా? మళ్ళీ కత్తెర పట్టుకున్నాను. హారతి వాడికి రెండోసారి అన్నం వడ్డించింది.

సోమవారం పొద్దున్నే మా ఆయనకి దేవదాస్ ఫోన్ చేశాడు. "ముబారక్ నర్సింగం! మీ మరదలు ఇంకో రెండేండ్లకు ఒప్పుకున్నదట గదా. మేడం మస్తు ఖుషీగ చెప్పింది. ముందు ఒద్దన్నది, మళ్ళేమైంది?"

ఆటో పట్టుకుని బమ్రోలి పోయాను. దేవదాస్ మీద అరిచాను, ఏడ్చాను. పాపం, అతనేం చేస్తాడు? "నిన్న దినమంతా ఇంట్లనే ఉన్న స్వరాజ్యమక్కా. మీరు ఖబర్ చేస్తరని సూసిన. సంతకమైనంక నేనేం చెయ్యాలె? ఇగ నడుమల వస్తనంటే పాస్‌పోర్టియ్యరు" అన్నాడు.

సాయంత్రం ఉమాకాంత్‌ని పిలిపించి, నా ఎదురుగానే కార్డు కంపెనీకి ఫోన్ చేయించాను. అవతలివాడు హిందీలో మర్యాదగా చెప్పాడు. వాళ్ళ కాల్స్ ఏ దేశం దారి ఆ పూట చవకగా ఉంటే అటు నుంచి వస్తాయట. అందుకే ఒక్కొక్కసారి ఒక్కొక్క నంబరు కనపడుతుందట. రేటు తక్కువ కావడానికి కారణమే అదట.

ఉమాకాంత్ మొహం నల్లబడింది. తప్పయిందని మాత్రం ఆ నోట రాలేదు. "కంపెనోడు ముందే చెప్పాలె గదా వదినా. అయినా రెండేండ్లంటే ఎంత, కండ్లు మూసి తెరిచెలోపల అయిపోతయి" అన్నాడు.

"నీ నోట్ల మన్ను వడ!" అన్నాను. పదేళ్ళలో మరిదిని ఎన్నడూ అలాంటి మాట అనలేదు. అని మంచి పని చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. మా ఆయన నన్ను వారించలేదు.

శుక్రవారం ఉమాకాంత్ మళ్ళీ వచ్చాడు. సుమన ఫోన్ చేసే రోజని వాడికి తెలుసు. దానికి తనే నచ్చజెబుతాడట. ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది. ఈసారి నేనే ఎత్తాను. కంగారులో ఎక్కడ నొక్కానో స్పీకరు పడింది. హారతి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"అక్కా, మంచిగున్నరా?" అంది సుమన. అబ్బ, ఎంత స్పష్టంగా వినపడిందో! వంటింట్లోంచి పిలిచినట్టే ఉంది.

"సుమనా..." అన్నాను.

"మూడిచ్చిన గదక్కా ఆదివారం. కాయిదం టేబుల్ మీద పెట్టుకోని ఆమె కూసుంది. బాత్రూంల కెల్లి మూడిచ్చిన. మళ్ళొచ్చి పొద్దుగూకెదాంక ఆగిన. దేవదాసన్న ఫోన్ రాలే." అది కోప్పడుతున్నట్టు లేదు. ఇంటి సంగతులు చెబుతున్నట్టే చెబుతోంది. "సరే, మీరే వద్దనుకున్నరేమో అనుకున్న. హారతి పెద్దగైతంది, ఖర్చులుంటయి. నా పైసలొస్తే మంచిదే అని మీరనుకున్నరేమో. అందుకే పెట్టిన సంతకం."

"థూ, ఏం మాటే అది! నిన్ను వద్దనుకుంటమా? నంబరు మారిందే సుమనా. వేరే నంబర్లొచ్చినయి. దొంగ కాల్స్ అనుకోని కట్ చేసిన్రు. నీ మీద ఒట్టు!" నా గొంతు నాకే అబద్ధాలాడేవాళ్ళ గొంతులా వినపడింది. ఎవరు నమ్ముతారు? నేనయినా నమ్ముతానా?

"అట్లనా... సరే అక్కా" అంది. అంతే అంది.

హారతిని రమ్మని చెయ్యి ఊపాను. అది తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. ఉమాకాంత్ సుమనకి నచ్చజెప్పడానికి ఫోన్ వైపు వంగి, మళ్ళీ వెనక్కి జరిగాడు. చివరికి నా వైపు తిరిగి మెల్లగా, "కార్డుల బ్యాలెన్స్ మస్తుంది వదినా, మీరు తాపీగ మాట్లాడున్రి" అన్నాడు.

అవతల సుమన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. నిమిషానికి రూపాయిన్నర మిగిల్చిన మా మరిది పుణ్యమా అని, ఆ రోజు మా అక్కాచెల్లెళ్ళిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోకుండా లైన్లోనే ఉన్నాం.