యజమాని వేలిముద్ర

"నాన్నగారు లేరండీ" అని టైల్స్ షాపాయన చెప్పినప్పుడు పళ్ళాయన తల వంచుకున్నాడు. "అయ్యో, పాపం" అన్నాడు. మర్యాద కోసం ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే కారు బానెట్ ఎత్తాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ "అయ్యో"ని వెనక్కి తెచ్చుకుని ఏ కాలవలోనో ఉమ్మేయాలనిపిస్తుంది.

అతన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనే పిలుస్తారు. పని కట్టుడు పళ్ళు చేయడం. దవడలు అచ్చు తీసిన ముద్దలు, ఎంగిలి ఆరకుండానే, పొద్దున్నే బల్లమీదికి వచ్చేస్తాయి. వాటిని చేత్తో పట్టుకుని కడిగి, సున్నం పోసి, మనుషులు నమలడానికి ఒక కొత్త వరస తయారుచేస్తాడు. మొదట్లో అన్నం సహించేది కాదు. తర్వాత ఆ చేతుల్తోనే సుబ్బరంగా తినడం అలవాటైంది. తన వాటాకి వచ్చిన అసహ్యమంతా ఆ మొదటి రోజుల్లోనే ఖర్చైపోయిందని అనుకునేవాడు. ఆ మాట గొప్పగా కూడా చెప్పుకునేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. పాత కార్లంటే పిచ్చి. ఈ కారు టైల్స్ గోడౌన్‌లో, పెట్టెల వెనకాల, దుమ్ము దుప్పటి కప్పుకుని పడుంది. నల్లటి ఒళ్ళు, మీగడ రంగు తలుపులు, దంతంలాంటి తెల్లటి స్టీరింగు. మలుపు తిరిగేటప్పుడు చెయ్యి చాపినట్టు పక్కనుంచి బయటికొచ్చే ఇండికేటర్లు. సీట్లలో ఎలుకలు తరాల తరబడి కాపురం చేశాయి. దాన్ని ఇంటికి తెచ్చుకుని రెండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. పగిలిన స్టీరింగుని పళ్ళకి వాడే ముద్దతోనే అతికి, రంగు కలిపి, అతుకు ఎక్కడుందో తనకే తెలియనంతగా నున్నగా అరగదీశాడు.

"పెళ్ళి చేసుకోరా అంటే ముసలి కారుని తెచ్చి కాపురం పెట్టావేమిట్రా" అని ఫోన్లో అక్క దెప్పేది.

"ఇది నామీద అలగదక్కా."

"అలగదు సరే. కదులుతుందా?"

అదే మరి. ఇంజను పాట పాడుతోంది కానీ కారు గేటు దాటడానికి లేదు. కాగితాలు లేవు. అమ్మేటప్పుడు టైల్స్ షాపాయన, "కాగితాలెక్కడికి పోతాయి అన్నగారూ, ఇంట్లోనే ఉంటాయి, వెతికి ఇస్తా" అన్నాడు. తర్వాత బీరువా తాళం పోయిందన్నాడు. ఆ తర్వాత బీరువాయే అమ్మేశామన్నాడు. ఆఖరికి మొహం చాటేశాడు. ఇంతలో రవాణా ఆఫీసు కొత్త రూలు పెట్టింది. కాగితాల్లేని పాత బండి ఎవరి పాకలో ఉన్నా సరే, ఈ ఏడు దాటితే తుక్కు కింద లెక్క. లారీ వేసుకుని వచ్చి పట్టుకుపోతారు. ఆ మాట విన్న రోజు పళ్ళాయన కారులో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కొత్త లైట్లు, కొత్త సీట్లు, అతుకు కనపడని ఆ స్టీరింగు, అన్నీ ఇనప దవడల మధ్య నలిగిపోవడం కళ్ళకు కట్టింది.

అప్పుడు స్టాంపులాయన్ని పట్టుకున్నాడు. స్టాంపులాయన రవాణా ఆఫీసు గోడ పక్కన చెక్క బల్ల వేసుకుని కూర్చుంటాడు. పోయిన కాగితాలు మళ్ళీ పుట్టించడం అతని వృత్తి.

"సింపుల్ సార్" అన్నాడు. "పుస్తకం పోయింది కాబట్టి ఓనరు సంతకం కావాలి, లేదంటే వేలిముద్ర. ఓనరు పోయాడు కాబట్టి పోయినట్టు సర్టిఫికెట్ కావాలి. ఏదో ఒకటి ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. మాట్లాడేముందు కాసేపు నవ్వుకున్నాడు.

"సార్, మీ పోయినాయన అన్నం తింటున్నాడండీ."

"ఎవరు?"

"ఓనరండీ! సర్టిఫికెట్ ఎక్కడా దొరక్కపోతే ఇంటికే వెళ్ళా. మంచం మీద కూర్చోబెట్టి కోడలు తినిపిస్తోంది. నాకూ పెడతానంది, పాపం మంచావిడ."

పళ్ళాయన ఆ కాల్ కట్ చేశాడు. వెంటనే టైల్స్ షాపాయనకి ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళకి అవతలివాడు ఫోన్ ఎత్తి, విషయం విన్నాడు.

"లేరు అంటే... లేనట్టే కదా అన్నగారూ. మాట లేదు, నడక లేదు. పక్షవాతం. ఉన్నా ఏం ఉన్నట్టు?"

"మీ నాన్నండీ!"

"అందుకే కదా చూసుకుంటున్నాం. వేరేవాళ్ళైతే ఈపాటికి ఎక్కడో చేర్పించేవాళ్ళు."

ఆ గొంతులో సిగ్గు లేదు. పైగా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక చిన్న ఆగింపు. పళ్ళాయనకి ఒళ్ళు జలదరించింది. ఫోన్ విసిరి కొట్టాలనుకున్నాడు. కానీ అతని నోటమ్మట వచ్చిన మాట వేరు.

"మరి వేలిముద్ర?"

తర్వాత ఎన్నోసార్లు ఆ ఘట్టాన్ని తిరగేసి చూసుకున్నాడు. అసహ్యానికీ ఆ ప్రశ్నకీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు. ఒకే నోరు, ఒకే తడి. ఎదుటివాణ్ణి తిట్టుకుంటున్నంతసేపూ తను వేరే మనిషిననే హాయి ఒకటి లోపల ఉండింది. ఆ హాయిలోంచే ప్రశ్న జారిపడింది.

"అదే అన్నగారూ చిక్కు" అన్నాడు టైల్స్ షాపాయన. "ఎడమచెయ్యి పిడికిలి బిగించేశారు. తెరవరు. నేను ఒకసారి ప్రయత్నించా, కొరికారు. పళ్ళు లేకపోయినా కొరికారు."

*

ఉపాయం స్టాంపులాయనదే. అలా అని అతనికి నీతి లేదనడానికి లేదు.

"ఎవడి వేలో వేయించేసి పని కానిచ్చేవాళ్ళున్నారు సార్. నేనలా చెయ్యను. ఓనరు వేలు ఓనరుదే అయ్యుండాలి. ఎడమ బొటనవేలే అయ్యుండాలి. ఆయన చెయ్యి తెరవాలంటే ఆయనకి ఇష్టమైంది పట్టుకోనివ్వాలి. కారు తీసుకురండి."

"కారా?"

"స్టీరింగ్ చూస్తే చెయ్యి ఆగుతుందా సార్? మీదాగుతుందా?"

అలా కారుని ఒక ట్రాలీ మీద ఎక్కించుకుని, తెల్లారాక, పళ్ళాయన ఆ ఇంటికి వెళ్ళాడు. రెండంతస్తుల ఇల్లు. కింద షాపు, పైన కాపురం. మెట్ల మీద పాత చెప్పుల వాసన, పైకి వెళ్ళేకొద్దీ మందుల వాసన, దాని కింద ఎంత కడిగినా పోని ఇంకో వాసన. గోడలకీ నేలకీ కొత్త టైల్సు తళతళలాడుతున్నాయి. ముసలాయన గది గోడలకి కూడా, నిలువెత్తున, బాత్రూమ్‌లోలాగా.

"కడగడానికి వీలుగా ఉంటుందని వేయించా" అన్నాడు టైల్స్ షాపాయన. "పైపు పెట్టి కొట్టేస్తే చాలు."

ముసలాయన మంచం మీద దిండ్లకి ఆనించి ఉన్నాడు. మొహం కుడివైపు జారిపోయింది, ఎడమవైపు మాత్రం మేలుకునే ఉంది. ఆ కన్ను వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ చూసి, పళ్ళాయన దగ్గర ఆగింది. ఎడమచెయ్యి గుండెల మీద పిడికిలిగా ఉంది. బొటనవేలు లోపలికి దాక్కుంది.

టైల్స్ షాపాయన, ట్రాలీ డ్రైవరు కలిసి కుర్చీ తేవడానికి వెళ్ళారు. స్టాంపులాయన కిటికీలో సిరా పెట్టె సర్దుకుంటున్నాడు. కోడలు పళ్ళాయన పక్కకి వచ్చి నిలబడింది. సన్నటి మనిషి, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు.

"అన్నయ్యగారూ, ఒక మాట. పక్షవాతం కుడివైపండీ."

అతనికి వెంటనే అర్థం కాలేదు.

"ఆ ఎడమచెయ్యికి ఏ జబ్బూ లేదు. బండి పోయిందని తెలిసిన రోజు మా ఆయన అమ్మకం కాగితం, సిరా పట్టుకొచ్చి వేలు వెయ్యమన్నారు. అప్పుడు మూశారు. అన్నం పెడితే తెరవరు, గోళ్ళు తియ్యనివ్వరు. నిద్రలో కూడా తెరవరు. నేను రోజూ సందుల్లోంచి గుడ్డపోగు దూర్చి తుడుస్తా. లోపల చర్మం పాసిపోయింది."

"మీరు మీ ఆయనతో..."

"నేనేం చెప్తే ఏం లాభం? మీరు కొన్నవాళ్ళు. మీరు వద్దంటే ఆగుతుంది."

మాట అంత మామూలుగా అంది. ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు. పళ్ళాయన మెట్ల వైపు చూశాడు. ఆ క్షణంలో చెప్పొచ్చు. "వద్దు" అనే చిన్న మాట. దాని అవతల లారీ, ఇనప దవడలు, ఖాళీ పాక. అంతలో కుర్చీ వచ్చింది. చెప్పడానికి వీలు దొరకలేదని తనతో తను అనుకున్నాడు. కుర్చీ రావడం ఎంత ఊరట కలిగించిందో కూడా గమనించాడు. గమనించినంత మాత్రాన ఏమీ మారలేదు.

ముసలాయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్ళిపందిట్లోకి బిందెలు దింపినట్టు జాగ్రత్తగా మెట్లు దింపారు. ఒక మలుపులో కుర్చీ కాలు గోడకి తగిలింది. "టైల్ చూసుకో!" అని అరిచాడు కొడుకు.

ట్రాలీ మీంచి దింపి షాపు ముందు నిలబెట్టిన కారుని చూడగానే ముసలాయన ఊపిరి మారింది. జారిపోయిన పెదవి మూలనుంచి చొంగ కారింది, కోడలు తుడిచింది. డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, పడిపోకుండా పక్కన దిండు పెట్టారు. పళ్ళాయన అవతలి తలుపులోంచి ఎక్కి, పక్కన కూర్చుని, తాళం తిప్పాడు.

ఇంజను మొదటి గుటకకే అందుకుంది. రెండేళ్ళ పని అందులో ఉంది. ముసలాయన కన్ను డాష్‌బోర్డు మీద మెల్లగా నడిచింది. గుండ్రటి మీటర్లు, కొత్త తోలు, తెల్లటి స్టీరింగు. పిడికిలి గుండెల మీదనుంచి లేచింది. గాల్లో ఒకసారి ఆగింది. చిటికెనవేలు విడింది. తర్వాత మిగతావి, తుప్పు పట్టిన బందుల్లా. అరచేయి తెల్లగా నాని, ముడతలు పడి, పుండ్లతో, పుల్లటి కుళ్ళు వాసనతో బయటపడింది. ఆ చెయ్యి స్టీరింగుని పట్టుకుంది. సరిగ్గా అతుకు ఉన్న చోటే పట్టుకుంది. బొటనవేలు అటూ ఇటూ రాసి చూసింది. కన్ను పళ్ళాయన వైపు తిరిగింది.

అతుకు కనిపెట్టాడు! ఇన్నాళ్ళకి తన పని తెలిసిన మనిషి ఒకడు దొరికాడన్న సంతోషం పళ్ళాయన ఒంట్లో వేడిగా పాకింది. నవ్వాడు కూడా. మరుక్షణం, ఉచ్చు పనిచేసినందుకే తను నవ్వుతున్నానని తెలిసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పట్టుకోండి పట్టుకోండి!" అన్నాడు స్టాంపులాయన కారు కిటికీలోంచి. సిరా బిళ్ళ లోపలికి వచ్చింది. వెనకే కొడుకు చెయ్యి. తండ్రి మణికట్టు దొరకబుచ్చుకుంది. ముసలాయన స్టీరింగుని బిగించాడు. వేళ్ళు ఒక్కటీ రాలేదు. గొంతులోంచి వచ్చింది మాట కాదు, బరువైన పెట్టెని నేలమీద ఈడ్చినట్టు ఒక చప్పుడు.

"లాగకండి" అంది కోడలు. "తోలు ఊడొస్తుంది."

"అన్నగారూ, మీరు పట్టండి. మీది సున్నితమైన చెయ్యి" అన్నాడు కొడుకు.

పళ్ళాయన పట్టాడు. అతని చేతులకి అది తెలిసిన పనే. బిగుసుకున్న దవడని ఎక్కడ నొక్కితే వదులౌతుందో తెలిసిన చేతులు. చిటికెనవేలు కింద తన వేలు దూర్చి, మెల్లగా, నొప్పి తెలియకుండా ఎత్తాడు. తర్వాత రెండోది. వేలి సందుల్లోని తడి అతని చేతికంటింది. ముసలాయన చప్పుడు ఆపేశాడు. ఆ కన్ను పళ్ళాయన మొహం మీదే ఉంది. కోపం లేదు అందులో. కోపమైతే బాగుండేది. అంగట్లో నాసిరకం సరుకుని తిప్పి చూసి, ఉన్నచోటే పెట్టేసే మనిషి చూపు అది.

బొటనవేలు విడింది. బిళ్ళ మీద నొక్కారు, కాగితం మీద నొక్కారు.

"సరిగ్గా పడలేదు సార్, ఇంకొక్కటి."

ఇంకొక్కటి నొక్కారు. ఈసారి చెయ్యి ఎదురు తిరగలేదు. ఎవరి చెయ్యో అయినట్టు ఊరుకుంది. వదిలెయ్యగానే మళ్ళీ వెళ్ళి స్టీరింగు మీద పడింది, సిరాతో సహా.

తెల్లటి స్టీరింగు మీద ఊదా రంగు మరక పాకింది. పళ్ళాయన జేబురుమాలు తీసి, ఉమ్మితో తడిపి, గబగబా తుడవడం మొదలుపెట్టాడు. ముసలి వేళ్ళ చుట్టూ, వేళ్ళ మధ్యా, వాటిని పక్కకి జరుపుతూ తుడిచాడు. మరక పోతోంది. అమ్మయ్య అనుకున్నాడు. తల ఎత్తితే కోడలు కళ్ళప్పగించి చూస్తోంది. ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది, ముసలాయన చెయ్యి తుడవడానికి తెచ్చింది. అతను అడ్డం తప్పుకునేదాకా ఆగి ఉంది.

"మీరు కానివ్వండి అన్నయ్యగారూ" అంది. "నేను తర్వాత తుడుస్తాలెండి."

అతను కారు దిగి, గోడ పక్కకి వెళ్ళి, వంగి నిలబడ్డాడు. వాంతి అయితే బాగుండుననిపించింది. వేలు గొంతులో పెట్టుకోబోయి, ఆ వేలు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఏమీ రాలేదు. కడుపు నిమ్మళంగా ఉంది. ఇంకాసేపట్లో ఆకలి కూడా వేసేలా ఉంది.

వెనక నుంచి కుర్చీ ఎత్తుతున్న మాటలు వినిపించాయి. "ఒకటి, రెండు, ఆ, చెయ్యి వదిలించు, చెయ్యి వదిలించు." తర్వాత మెట్ల మీద అడుగులు. అతను తిరిగి చూడలేదు.

స్టాంపులాయన వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. మీద రెండు ముద్రలు. ఒకటి అలుక్కుపోయింది, ఇంకొకటి గీత గీతా కనిపిస్తోంది.

"మడతెయ్యకండి సార్, పచ్చిగా ఉంది. అలుక్కుపోతే మళ్ళీ మొదటికొస్తుంది."

పళ్ళాయన కాగితాన్ని అంచులతో పట్టుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని, సిరా చెదరకుండా మెల్లగా ఊదడం మొదలుపెట్టాడు.